అన్నయ్య జ్వరం నూట నాలుగు

నేను కథలు రాసి బతుకుతానంటే సగమే నిజం. కథలు చెప్పి బతుకుతాను. మా పరిశ్రమలో కథని ఎవరూ కాగితం మీద చదవరు. జూబ్లీ హిల్స్‌లో ఏదో ఒక ఇంటి మేడమీద హీరోగారు సోఫాలో వెనక్కి వాలి కూర్చుంటే, ఆయన ఎదురుగా కూర్చుని రెండు గంటలపాటు నోటితోనే సినిమా చూపించాలి. వాన పడాలన్నా మన నోటితోనే పడాలి. ఇంటర్వెల్ దగ్గర ఆయన వెన్ను సోఫాని వదిలి ముందుకు రావాలి. రాలేదా, కాఫీ తాగి ఇంటికొచ్చేయడమే. ఈ విద్య నాకు బాగా వచ్చని ఫిల్మ్ నగర్‌లో పేరుంది. నేను చెప్పినవాటిలో తెరమీదకొచ్చినవి తక్కువేనని కూడా పేరుంది. దాన్ని ప్రచారం చేసేది మా బావమరిది.

ఇన్నేళ్ళ అనుభవంలో ఎక్కడ చెప్పినా ఆడిన కథ నా దగ్గర ఒక్కటే ఉంది. అది మా పెద్దాడి స్వైన్ ఫ్లూ.

వాడికప్పుడు ఐదేళ్ళు. షేక్‌పేట వైపు ఒక రెండో అంతస్తు వాటాలో అద్దెకుండేవాళ్ళం. కొత్త జ్వరం ఒకటి ఊళ్ళోకి దిగిందని టీవీలు పొద్దస్తమానం హోరెత్తిస్తున్న రోజులు. మందుల షాపుల్లో మాస్కులు అయిపోయాయి. పిల్లల మెళ్ళో కర్పూరం, యాలకులు మూటకట్టి వేలాడదీశారు. బస్సులో ఎవరైనా తుమ్మితే చుట్టుపక్కల రెండు సీట్లు ఖాళీ అయ్యేవి. అలాంటి రోజుల్లో మావాడికి ఒళ్ళు వెచ్చబడింది. ప్రభుత్వ ఆసుపత్రిలో గొంతులో పుల్ల పెట్టి పరీక్ష చేశారు. అదేనన్నారు.

ఇంతవరకూ జరిగిందే. ఇక్కణ్ణుంచి నేను చెప్పే పద్ధతి వేరు. నేను చెప్పేటప్పుడు జ్వరం నూట నాలుగు. బయట కుంభవృష్టి. ఆటోలు లేవు. తండ్రి పిల్లాణ్ణి భుజాన వేసుకుని, మోకాలి లోతు నీళ్ళలో డాక్టరు దగ్గరికి నడుస్తాడు. ఆ తర్వాత ఏడు రోజులు పిల్లాడి గది గుమ్మం ముందు కుర్చీ వేసుకుని కాపలా కూర్చుంటాడు, తలుపు సందులోంచి కథలు చెబుతాడు. ఏడో రోజు పొద్దున లోపల్నుంచి "నాన్నా, ఇడ్లీ" అని వినిపిస్తుంది. అక్కడ నేను గొంతు కాస్త తగ్గించి, ఒక్క క్షణం ఆగుతాను. ఆడవాళ్ళు కొంగుతో కళ్ళు తుడుచుకున్న సందర్భాలున్నాయి. ఒకసారి ఒక ఫైట్ మాస్టరు కూడా ఏడ్చాడు.

తర్వాత కరోనా వచ్చి, దాని ముందు స్వైన్ ఫ్లూ ఎవరికీ గుర్తులేకుండా పోయింది. నా కథకి మాత్రం గిరాకీ తగ్గలేదు. ఒక్క మా ఆవిడే అది పూర్తిగా వినేది కాదు. కథ భుజాన వేసుకునే దగ్గరికి రాగానే, అందరికీ కాఫీ పెడతానని వంటింట్లోకి వెళ్ళేది. వందసార్లు విన్న కథ, ఎవరికి మాత్రం విసుగు రాదు అనుకునేవాణ్ణి.

పెద్దాడి తర్వాత పన్నెండేళ్ళకి మాకు అమ్మాయి పుట్టింది. ఎవరైనా అదోలా చూస్తే "ఇంటర్వెల్ కాస్త పొడుగైందండీ" అనేవాణ్ణి. దానికిప్పుడు తొమ్మిదేళ్ళు. అన్నయ్య తొక్కిన సైకిలే తొక్కింది, అన్నయ్య రెయిన్‌కోటే వేసుకుంది, అన్నయ్య పేరు గీకి ఉన్న బల్లమీదే హోంవర్క్ చేస్తుంది. వీటన్నిటికీ సర్దుకుపోయింది గానీ, ఆ జ్వరం కథ దగ్గర మాత్రం దానికి ఎప్పుడూ లోపల ఏదో గుచ్చుకునేది. ఒకసారి అడిగింది.

"నాన్నా, చిన్నప్పుడు నాకేం రాలేదా?"

"నీకేం రాలేదమ్మా. బంగారంలా పెరిగావు."

ఏ పిల్లయినా సంతోషించాల్సిన మాట అది. ఇది మొహం ముడుచుకుని వెళ్ళిపోయింది. నేను నవ్వుకున్నాను. కథలు చెప్పి బతికేవాడికి, తనకంటూ ఒక కథ లేదని బాధపడుతున్న పిల్ల కళ్ళముందే ఉండి కనిపించలేదంటే, ఇక నా తెలివి గురించి చెప్పేదేముంది.

మొన్న వానాకాలంలో దానికి జ్వరం వచ్చింది. బళ్ళో సగం మంది పిల్లలు అప్పటికే దగ్గుతున్నారు. థర్మామీటరు పెడితే నూట రెండు.

"ఇది సీజనల్ ఫ్లూ అమ్మా, ఏటా వచ్చేదే. మీ అన్నయ్యకొచ్చింది మహమ్మారి. దానికీ దీనికీ పోలికేంటి?" అన్నాను, ధైర్యం చెబుతున్నాననుకుని.

"అన్నయ్యకి ఎంతొచ్చింది?"

"నూట నాలుగు," అన్నాం ఇద్దరం ఒకేసారి. జవాబు దానికీ తెలుసు. థర్మామీటరు తీసుకుని, తక్కువ మార్కులొచ్చిన జవాబు పత్రం చూసుకున్నట్టు చూసుకుంది.

రెండో రోజు మా ఆవిడ బంజారా హిల్స్‌లో తన ఆఫీసుకి వెళ్తూ, "గంటగంటకీ నీళ్ళు తాగించండి," అని చెప్పి వెళ్ళింది. మర్నాడు పదకొండింటికి నాకు ఒక హీరోగారి దగ్గర కథ చెప్పే పని ఉంది. ఏడాదిగా తిరిగితే దొరికిన రోజు. అందుకని హాల్లో అద్దం ముందు నిలబడి ఇంటర్వెల్ సాధన చేసుకుంటూ, మధ్యమధ్య గదివైపు కేకేసేవాణ్ణి.

"నీళ్ళు తాగావా?"

"తాగాను."

"ఎలా ఉంది?"

"బానే ఉంది నాన్నా."

మూడో రోజు పొద్దున నేను ఇస్త్రీ చొక్కా వేసుకుంటుంటే, గదిలోంచి మా ఆవిడ గొంతు వచ్చింది. "ఏవండీ, ఒకసారి ఇలా రండి. పిల్ల సరిగ్గా పలకడం లేదు."

వెళ్ళి చూశాను. పెదవులు ఎండిపోయి ఉన్నాయి. పిలిస్తే కళ్ళు తెరిచి మళ్ళీ మూస్తోంది. మంచం పక్కన నిన్న పెట్టిన సీసా నిండుగా అలాగే ఉంది. రాత్రి నుంచి బాత్రూముకి కూడా వెళ్ళలేదట.

"నీళ్ళు తాగానన్నావు కదమ్మా," అన్నాను.

"గొంతు నొప్పి," అంది నీరసంగా. "నాది చిన్న జ్వరమే కదా. గొడవ చెయ్యకూడదనుకున్నా."

ఆ మాట దానికి నేర్పింది నేనే. ఇంట్లో జ్వరానికి కొలబద్దగా నూట నాలుగుని నిలబెట్టి, దానికి తక్కువైందల్లా జ్వరం కాదని ఏళ్ళ తరబడి చెప్పింది నేనే.

మా ఆవిడ అప్పటికే పిల్లల ఫైళ్ళున్న ప్లాస్టిక్ సంచీ భుజానికి తగిలించుకుని, ఫోనులో ఆటో బుక్ చేస్తోంది. నన్ను రమ్మని అనలేదు. నా ఇస్త్రీ చొక్కా చూసి కూడా ఏమీ అనలేదు. ఒక్కతే వెళ్ళడానికి అలవాటు పడిన మనిషి ఎలా సిద్ధమవుతుందో అలా సిద్ధమవుతోంది. అది చూసి నాకు సిగ్గేసింది. కారు తాళాలు తీసుకుని, పిల్లని ఎత్తుకున్నాను. తొమ్మిదేళ్ళ పిల్ల, కాళ్ళు నా మోకాళ్ళ దాకా వేలాడుతున్నాయి. మెట్లు దిగి కారులో పడుకోబెట్టాక హీరోగారి మేనేజరుకి ఫోన్ చేశాను.

"ఇవాళ రాలేనండీ."

"అదేంటండీ, సార్ ఇవాళొక్కరోజే ఖాళీ. మళ్ళీ దొరకరు," అన్నాడు.

"దొరక్కపోతే పోనివ్వండి. మా అమ్మాయికి ఫ్లూ."

"ఫ్లూ ఆ? అయితే రావద్దండీ. అస్సలు రావద్దు. వారం పదిరోజులు ఇటు రాకండి," అని పెట్టేశాడు. పెద్ద త్యాగం చేస్తున్నాననుకున్నాను. దాన్ని నాకు అరనిమిషం కూడా ఉంచుకోనివ్వలేదు.

షేక్‌పేటలో పిల్లల డాక్టరమ్మ పెద్దాణ్ణి చూసినావిడే. ఆవిడ క్లినిక్ అప్పుడు ఒక్క గది, ఇప్పుడు రెండంతస్తులు. జుట్టు నెరిసింది గానీ మాట అదే. పిల్లని చూస్తూనే, "ఏంది బిడ్డా, గిట్ల వాడిపోయినవ్?" అంటూ చెంప మీద చెయ్యి వేసింది. ఊపిరి లెక్కపెట్టింది, వేలికి చిన్న క్లిప్పు పెట్టి చూసింది, ముక్కులో పుల్ల పెట్టి పరీక్షకి పంపింది. తర్వాత నావైపు తిరిగింది.

"దమ్ము మంచిగనే తీస్తుంది, ఫికర్ చెయ్యకుండ్రి. ఒంట్ల నీళ్ళు అయిపోయినయ్. సెలైన్ ఎక్కిద్దాం, సాయంత్రం దాక గీన్నే ఉండాలె. జర లేట్ చేస్తె కష్టమయ్యేది సార్. యేటేటా ఫ్లూ సూది వేయించుమంటే మీరేమో తప్పించుకుంటరు."

ఆవిడ చెప్పింది నిజం. ఏటా వచ్చేదానికి ఏటా సూదేంటని వాయిదా వేసింది కూడా నేనే.

మధ్యాహ్నానికి పిల్ల కళ్ళల్లోకి వెలుగొచ్చింది. ఒక సీసా ఎక్కేసరికి దిండుకి ఆనుకుని కూర్చుంది. పరీక్షలో ఫ్లూ అనే వచ్చింది. డాక్టరమ్మ మళ్ళీ చూడటానికి వచ్చినప్పుడు, అది మూడురోజులుగా మోస్తున్న ప్రశ్న అడిగేసింది.

"ఆంటీ, నాది చిన్న ఫ్లూనా?"

"ఎవరన్నరు?"

"నాన్న. అన్నయ్యది మహమ్మారి. నాది సీజనల్."

ఆవిడ నావైపు ఒక చూపు చూసింది. మంచం అంచున కూర్చుంది.

"జూడు బిడ్డా. మీ అన్నకు వచ్చినప్పుడు గా జ్వరం కొత్తది. ఎవ్వరి ఒంటికీ దాన్తోటి పరిచయం లేదు. అందుకే శానమందికి ఒక్కపారే వచ్చింది, ఊరంత బుగులువడ్డది. నీకొచ్చింది యేటేటా వచ్చేది, కొంచెం తెలిసినది. ఫరక్ గంతే. అప్పుడు గూడ శానమంది పిల్లలకు నాలుగైదు రోజుల్ల తగ్గింది, కొందరికి కష్టమైంది. ఇప్పుడు గూడ గంతే. మేము పేరు జూసి భయపడం. పిల్ల నీళ్ళు తాగుతుందా, దమ్ము ఎట్ల తీస్తుంది, పిలిస్తె పలుకుతుందా, గవి జూస్తం. నిన్న నువ్వు నీళ్ళు తాగలే, అందుకే నీది పెద్దగైంది."

పిల్ల మొహం విప్పారింది. పెద్దదైందట.

"ఇంకో ముచ్చట చెప్పాల్నా? అప్పటి కొత్తది యాడికీ పోలే. పాతదై, గీ యేటేటా వచ్చేవాట్లనే కలిసిపోయింది. నీకొచ్చింది గదే గావచ్చు."

పిల్ల విప్పారిన మొహం మళ్ళీ ముడుచుకుంది.

"అయితే ఇదీ అన్నయ్య వాడేసిందేనా?"

డాక్టరమ్మ నవ్వింది, నర్సు నవ్వింది, పక్క మంచం పిల్లాడి నాయనమ్మ కూడా నవ్వింది. పొద్దుట్నుంచి బిగబట్టుకున్నదంతా వదిలి నేనూ నవ్వాను. మా ఆవిడ నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది.

ఆ నవ్వులోనే డాక్టరమ్మ చెయ్యి పక్కనున్న సంచీ మీద పడింది. మా ఆవిడ కంగారులో ఇద్దరి ఫైళ్ళూ తెచ్చేసింది. "పిలగాని ఫైల్ ఇంక దాచిన్రా," అని పసుపు పచ్చబడిన కాగితాలు ముచ్చటగా తిప్పింది. "అగో, ఇదే. నూట ఒకటి జ్వరం, మూడు దినాలు. చురుగ్గ ఉన్నడు, ఆడుతుండు అని రాసిన. నాకు యాదికుంది, నా బల్ల మీదికెక్కి దుంకిండు."

"నూట నాలుగు," అంది మా అమ్మాయి, దిద్దుతున్నట్టు.

"నూట ఒకటే బిడ్డా. నా రాతనే."

పిల్ల ఆ కాగితం అందుకుంది. అంకె మీద వేలు పెట్టి చూసుకుంది. నిజం చెప్పాలంటే ఆ మూడు డిగ్రీల తేడా ఎప్పుడు పుట్టిందో నాకే తెలియదు. చెప్పిన చోటల్లా కొంచెం పెంచుకుంటూ పోయి ఉంటాను. కథలో బలం చాలకపోతే చేసే పనే అది.

"అయితే నాదే ఎక్కువ," అంది. తరువాత కింద ఇంకో వరస చదివింది. ఫైలులోని మూడు కాగితాలూ తిప్పి చూసింది. మూడింటి మీదా ఒకటే ఉంది, వెంట వచ్చింది తల్లి అని.

"నాన్నా, వానలో భుజాన వేసుకుని తీసుకొచ్చింది నువ్వు కదా?"

డాక్టరమ్మ మెల్లగా లేచి పక్క మంచం దగ్గరికి వెళ్ళిపోయింది. మా ఆవిడ సెలైన్ సీసాని చూస్తోంది.

చివరికి చెప్పాను. అప్పుడు నాకు మొదటిసారి ఒక పెద్ద ఆఫీసులో కథ చెప్పే అవకాశం వచ్చింది. ఇంట్లో ఎవరికైనా జ్వరముంటే రావద్దని ప్రొడక్షన్ మేనేజరు ముందే అన్నాడు. ఎవరికీ లేదని అబద్ధం చెప్పాను. పెద్దాడికి పరీక్ష చెయ్యకముందే రెండు జతల బట్టలు సంచిలో పెట్టుకుని, ఫిల్మ్ నగర్‌లో కథాచర్చలు జరిగే ఫ్లాటుకి వెళ్ళిపోయాను. వాడికి జ్వరం తగ్గేదాకా ఇంటి గడప తొక్కలేదు. ఆటోలో తీసుకెళ్ళిందీ, పరీక్ష చేయించిందీ, గదిలో వాడి పక్కన పడుకున్నదీ వాళ్ళమ్మ. రోజూ సాయంత్రం మా ఇంటి కిందకొచ్చి వీధిలోంచి చెయ్యి ఊపి వెళ్ళేవాణ్ణి, అంతే. ఇంతాచేసి ఆ సినిమా మొదలే కాలేదు.

"మరి ఆ కథలో నువ్వెందుకున్నావు?" అని అడిగింది పిల్ల. కోపంగా కాదు, తెలుసుకుందామని.

"ఉండి ఉంటే బావుండేదని," అన్నాను.

"అమ్మేది ఆ కథలో?"

దీన్ని మా ఆవిడే అందుకుంది. "నేను వంటింట్లో కాఫీ పెడుతుంటానమ్మా," అంది సీసా మీంచి చూపు తిప్పకుండానే. మూతి మీద చిన్న నవ్వుంది. ఇంత కాలం ఆవిడ అలా లేచి వెళ్ళిపోవడం విసుగనుకున్నాను.

"తప్పయింది," అన్నాను. పెళ్ళయ్యాక ఆవిడతో ఆ మాట అన్న సందర్భాలు వేళ్ళమీద లెక్కపెట్టచ్చు. ఆవిడ పిల్ల కాళ్ళ దగ్గరున్న దుప్పటి జరిపి నాకు కూర్చోడానికి చోటిచ్చింది.

సాయంత్రం ఇంటికొచ్చేశాం. జ్వరం తగ్గి ఒక రోజు గడిచేదాకా బడికి పంపొద్దన్నారు. నాలుగు రోజులు పిల్ల మంచం పక్కనే నా కాపురం. గంటగంటకీ గ్లాసు పట్టుకుని నిలబడి, ఖాళీ అయ్యాకే కదిలేవాణ్ణి. గంజి, కొబ్బరినీళ్ళు, చారు, బత్తాయి రసం. చివరికి అదే "నాన్నా, కొంచెం బయటికెళ్ళి రా" అనే దాకా వచ్చింది. హీరోగారికి చెప్పాల్సిన కథ దానికి చెప్పాను. ఇంటర్వెల్ దగ్గర ఆవలించింది. ఎందుకమ్మా అంటే, ఆ విలన్ ఎవరో మొదట్లోనే తెలిసిపోయిందంది. రాత్రి ఎడిటింగ్ రూమ్ నుంచి ఇంటికొచ్చిన పెద్దాడు కూడా తలుపు దగ్గర మాస్కు పెట్టుకుని నిలబడి, చెల్లెలు చెప్పింది నిజమేనన్నాడు. విలన్ని మార్చాను.

ఫైలు సంగతి కూడా చెల్లెలే వాడికి చెప్పింది. వాడు నవ్వాడు. "నాకు గుర్తున్నదంతా నువ్వు చెప్పిందే నాన్నా. ఒక్కటి మాత్రం నా సొంతంగా గుర్తుంది. అమ్మ నన్ను కిటికీ దగ్గర ఎత్తుకుంటే, కింద వీధిలో నువ్వు కోతిలా గెంతుతున్నావు. నాకు నవ్వాగలేదు. అదెప్పుడో, ఎందుకో తెలియదు."

"అది కథలో పెట్టచ్చుగా," అంది వాడి చెల్లెలు.

నిజమే. ఉన్నదాన్ని వదిలేసి లేని వానని కురిపించాను.

తర్వాత అందరం వెళ్ళి సూదులు వేయించుకున్నాం. కళ్ళు మూసుకున్నది నేనొక్కణ్ణే. హీరోగారు నెలకి కబురంపారు, కథ విన్నారు. ఇంటర్వెల్ దగ్గర వెన్ను ముందుకొచ్చింది. ఇంకా ఏదీ తేలలేదు. మా పరిశ్రమలో అది శుభవార్త కిందే లెక్క.

ఆ మధ్య ఒక ఆదివారం మా బావమరిది కుటుంబంతో వచ్చాడు. వాళ్ళతో వచ్చిన కొత్త చుట్టాలకి నన్ను పరిచయం చేస్తూ, "బావా, ఆ స్వైన్ ఫ్లూ కథ చెప్పు, వీళ్ళు వినలేదు," అన్నాడు.

"ఆ కథ ఆపేశాను," అన్నాను. "కొత్తదొకటి ఉంది. చెప్పేది నేను కాదు."

మా అమ్మాయి హాలు మధ్యకొచ్చి నిలబడింది. నాకంటే బాగా నిలబడింది. జ్వరం నూట రెండు దగ్గర మొదలుపెట్టింది, ఒక్క పాయింటు కూడా పెంచలేదు. నిండుగా ఉండిపోయిన సీసా చెప్పింది, సెలైన్ చెప్పింది, అన్నయ్య వాడేసిన వైరస్ చెప్పి అందర్నీ నవ్వించింది. మేనేజరు గొంతుని కూడా అనుకరించింది, వాడి గొంతు అది ఎప్పుడూ వినకపోయినా. ఫైలు దగ్గరికొచ్చేసరికి నావైపు చూసింది. చెప్పమన్నట్టు తలూపాను.

"అన్నయ్య జ్వరమప్పుడు అమ్మ ఒక్కతే ఉంది," అంది. "నాకొచ్చినప్పుడు ఇద్దరూ ఉన్నారు. అదీ తేడా."

మా బావమరిది గొంతు సవరించుకుని, "అక్కా, కాస్త కాఫీ," అన్నాడు.

మా ఆవిడ కుర్చీలోంచి కదల్లేదు. "ఏవండీ, కాఫీ మీరు పెట్టండి. నేను కథ వింటున్నాను," అంది.

వంటింట్లోకి వెళ్ళి పాలు పొయ్యి మీద పెట్టాను. అక్కణ్ణుంచి హాల్లో మాటలన్నీ స్పష్టంగా వినిపిస్తున్నాయి, ఒక్క ముక్క కూడా పోవడం లేదు. ఇన్నేళ్ళూ ఆవిడ నా కథ మొత్తం ఇక్కడ నిలబడే వింది.